లెక్క తేలని చోట చరిత్ర

(ప్రసంగ పాఠం)

మిత్రులారా, నమస్కారం.

ముందుగా ఒక కాగితాన్ని మీ కళ్లకు కట్టాలనుకుంటున్నాను. 2000 నవంబర్ 7న అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, పామ్ బీచ్ కౌంటీలో ఓటర్ల ముందు పెట్టిన అధ్యక్ష ఎన్నికల బ్యాలెట్ అది. తెరిచిన పుస్తకంలా రెండు పేజీలు. ఎడమ పేజీలో కొందరు అభ్యర్థుల పేర్లు, కుడి పేజీలో మరికొందరివి, నడుమ నిలువుగా ఒకే వరుసలో రంధ్రాలు. ఎడమవైపు మొదటి పేరు జార్జ్ బుష్, దాని కింద అల్ గోర్. కానీ పైనుంచి రెండో రంధ్రం కుడి పేజీలోని పాట్ బుకానన్‌ది. గోర్‌కు ఓటు వేయాలంటే మూడో రంధ్రం పొడవాలి. ఆ కౌంటీలో వృద్ధులు ఎక్కువ. వారికి అక్షరాలు పెద్దవిగా కనిపించాలని పేర్లను రెండు పేజీలకు పంచారు. మంచి ఉద్దేశంతో చేసిన పని అది.

ఆ ఒక్క కౌంటీలో బుకానన్‌కు 3,407 ఓట్లు వచ్చాయి. వాటిలో చాలావరకు తనకు వేయాలనుకుని వేసినవి కాకపోవచ్చని బుకాననే ఒప్పుకున్నారు. మరో 19 వేలకు పైగా బ్యాలెట్లలో ఒకటి కంటే ఎక్కువ రంధ్రాలు ఉండడంతో అవి చెల్లకుండా పోయాయి. రాష్ట్రం మొత్తం మీద దాదాపు 60 లక్షల ఓట్లు పోలైతే, అధికారికంగా ప్రకటించిన తేడా 537. అమెరికాలో అధ్యక్షుణ్ని చివరకు ఎన్నుకునేది రాష్ట్రాలవారీగా ఉండే ఎలక్టర్లు. ఆ 537తో ఫ్లోరిడాకున్న 25 ఎలక్టర్ల ఓట్లూ బుష్‌కు దక్కాయి. గెలవడానికి 270 కావాలి, ఆయనకు 271 వచ్చాయి. దేశమంతటా కలిపి చూస్తే గోర్‌కే ఐదు లక్షల 40 వేలకు పైగా ఓట్లు ఎక్కువ.

ఈ కథ మీలో చాలామందికి తెలుసు. దీన్ని సాధారణంగా ‘ప్రతి ఓటూ విలువైనదే’ అని చెప్పడానికి వాడతారు. ఆ మాట నిజమే. నన్ను ఎన్నో ఏళ్లుగా వెంటాడుతున్న ప్రశ్న మాత్రం వేరు. లారీలను తూచే కాటా మీద బంగారం తూచితే ఏమవుతుంది? కాటా ఏదో ఒక అంకె చూపిస్తుంది. మళ్లీ తూచితే ఇంకో అంకె చూపిస్తుంది. రెండింటిలో ఏది నిజమని అడిగితే కాటా దగ్గర సమాధానం ఉండదు. ఫ్లోరిడాలో జరిగింది అదే. 60 లక్షల ఓట్లను లెక్కించే యంత్రాంగానికి 537 ఓట్ల తేడాను పట్టుకునే సూక్ష్మత లేదు. రంధ్రం సగమే తెగి కాగితపు ముక్క వేలాడుతుంటే అది ఓటా, కాదా? ముక్క తెగకుండా నొక్కిన గుర్తు మాత్రమే కనిపిస్తే? ఒక్కో కౌంటీలో ఒక్కో పద్ధతి పాటించారు. పోలింగ్ తర్వాత 36 రోజుల పాటు వివాదం నడిచింది. డిసెంబర్ 12న సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో రీకౌంటింగ్‌ను ఆపేసింది. మరునాడు గోర్ ఓటమిని అంగీకరించారు.

మరుసటి ఏడాది కొన్ని ప్రముఖ వార్తాసంస్థలు కలిసి, లెక్కలోకి రాకుండా పోయిన దాదాపు 1,75,000 బ్యాలెట్లను ఒక్కొక్కటిగా పరిశీలింపజేశాయి. అప్పుడు తేలిన విషయం నన్ను ఇప్పటికీ కుదురుగా కూర్చోనివ్వదు. గోర్ పక్షం కోరిన నాలుగు కౌంటీల్లో మాత్రమే మళ్లీ లెక్కించి ఉంటే బుష్ ఆధిక్యం నిలిచేది. రాష్ట్రమంతటా వివాదాస్పద బ్యాలెట్లన్నింటినీ ఒకే ప్రమాణంతో లెక్కించి ఉంటే గోర్ చాలా స్వల్ప తేడాతో ముందుండేవారు. బ్యాలెట్లు అవే, ఓటర్లూ వాళ్లే. నియమం మారితే అధ్యక్షుడు మారతాడు.

తేడా ఇంత చిన్నదైనప్పుడు ఓటర్లు తమ మాట చెప్పేసి ఇళ్లకు వెళ్లిపోతారు. ఆ మాటలో ఏది లెక్కకు వస్తుందో నిర్ణయించే పని నియమాల చేతికి, న్యాయస్థానాల చేతికి, ఓడినవారి నడవడిక చేతికి వెళుతుంది. స్వల్ప తేడాలు చరిత్రను మలిచేది ఆ చేతుల మీదుగానే అని నా అభిప్రాయం. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఫ్లోరిడా పర్యవసానాల గురించి రెండు మాటలు. గోర్ గెలిచి ఉంటే లోకం ఎలా ఉండేదో ఎవరూ చెప్పలేరు. 2001 సెప్టెంబర్ 11 దాడులు బహుశా అప్పుడూ జరిగేవి. అఫ్గానిస్థాన్‌లో యుద్ధమూ బహుశా తప్పేది కాదు. కానీ ఇరాక్ సంగతి వేరు. 2002 సెప్టెంబర్‌లో, యుద్ధానికి రంగం సిద్ధమవుతున్న రోజుల్లో, గోర్ శాన్ ఫ్రాన్సిస్కోలో మాట్లాడుతూ ఆ తొందరను బాహాటంగా వ్యతిరేకించారు. 2001 మార్చిలోనే బుష్ ప్రభుత్వం క్యోటో ఒప్పందానికి వీపు చూపింది. వాతావరణ మార్పు కోసం పనిచేసినందుకు 2007లో నోబెల్ శాంతి బహుమతి పంచుకున్న వ్యక్తి ఆ కుర్చీలో ఉంటే కనీసం ఆ పని అంత సులువుగా జరిగేది కాదు. ఇంతకు మించి ఊహించడం నాకు ఇష్టం లేదు. 537 మంది ఇరాక్ యుద్ధాన్ని కోరుకున్నారని ఎవరూ అనలేరు కదా. ఆ యుద్ధం మొదలుపెట్టే అధికారం ఎవరికి దక్కాలో ఆ 537 ఓట్ల దగ్గర తేలింది.

అధ్యక్ష పదవికి ఉన్న ఒక లక్షణాన్ని ఇక్కడ గమనించాలి. చట్టసభలో స్వల్ప ఆధిక్యం వస్తే ప్రభుత్వం బలహీనంగా ఉంటుంది, మిత్రపక్షాలను కలుపుకోవాలి, రోజూ సర్దుకుపోవాలి. ఓట్లలోని తేడా అధికారంలోనూ కనిపిస్తుంది. అధ్యక్ష పదవిని అలా పంచలేం. 51 శాతంతో గెలిచినా 80 శాతంతో గెలిచినా సంతకం విలువ ఒకటే, సైన్యంపై ఆజ్ఞా ఒకటే. వెంట్రుకవాసి తేడాతో గెలిచినవారికి కూడా పదవి నిండుగానే దక్కుతుంది.

1844లో ఏం జరిగిందో చూడండి. జేమ్స్ పోక్, హెన్రీ క్లే పోటీపడ్డారు. పోక్ టెక్సాస్‌ను వెంటనే కలుపుకోవాలన్నారు. క్లే వెనకాడారు, మెక్సికోతో యుద్ధం వస్తుందని హెచ్చరించారు. ఫలితం న్యూయార్క్ మీద ఆగింది. అక్కడ దాదాపు 4,86,000 ఓట్లు పోలయ్యాయి, పోక్ ఆధిక్యం 5,106. న్యూయార్క్ అటు మొగ్గి ఉంటే క్లే అధ్యక్షుడయ్యేవారు. అదే రాష్ట్రంలో జేమ్స్ బర్నీ అనే మూడో అభ్యర్థికి దాదాపు 15,800 ఓట్లు వచ్చాయి. బర్నీ బానిసత్వాన్ని రద్దు చేయాలని నిలబడిన మనిషి. ఆయనకు ఓటు వేసినవారికి క్లే మీద నమ్మకం లేదు. క్లే స్వయంగా బానిసల యజమాని, టెక్సాస్ విషయంలో మాటలు మారుస్తూ వచ్చారు. వాళ్ల ఆగ్రహం న్యాయమైనదే. కానీ వాళ్ల ఓట్లు క్లేకు దక్కకపోవడంతో పోక్ గెలిచారు. 1846లో మెక్సికోతో యుద్ధం మొదలైంది. 1848లో కాలిఫోర్నియాతో సహా విశాలమైన భూభాగం అమెరికా చేతికి వచ్చింది. ఆ కొత్త నేల మీద బానిసత్వం ఉండాలా వద్దా అన్న తగాదాయే పెరిగి పెరిగి 1861లో అంతర్యుద్ధమైంది. బానిసత్వం మీద మండిపడి వేసిన ఓట్లు బానిసత్వాన్ని విస్తరించాలనుకున్నవారికి దారి ఇచ్చాయి. చివరకు అదే దారి బానిసత్వం అంతానికి కూడా వెళ్లింది, ఆరు లక్షలకు పైగా ప్రాణాలు తీసుకున్న తర్వాత. దీన్ని ఏ ఒక్క ఓటరు లెక్కలో రాయాలో నాకు తెలియదు. చరిత్ర చదివేటప్పుడు వినయం కావాలని నేను నేర్చుకున్నది ఇక్కడే.

ఇప్పుడు 1876కి వద్దాం. అమెరికా చరిత్రలో నన్ను అన్నింటికంటే బాధపెట్టే ఎన్నిక ఇది. దీనికి కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటాను, మన్నించండి.

డెమొక్రటిక్ అభ్యర్థి శామ్యూల్ టిల్డెన్‌కు సగానికి పైగా ప్రజల ఓట్లు వచ్చాయి. రిపబ్లికన్ రదర్‌ఫర్డ్ హేస్ కంటే దాదాపు రెండున్నర లక్షలు ఎక్కువ. ఎలక్టర్ల ఓట్లలో టిల్డెన్‌కు వివాదం లేనివి 184, కావలసింది 185. ఇంకొక్కటి చాలు. హేస్‌కు 165. మిగిలిన 20 ఓట్ల మీద పేచీ పడింది. ఫ్లోరిడా, లూసియానా, దక్షిణ కరోలినా రాష్ట్రాల నుంచి రెండేసి ధ్రువపత్రాలు వచ్చాయి, ఒరెగన్‌లో ఒక ఎలక్టర్ అర్హత మీద తగాదా వచ్చింది. ఏ పత్రం అసలైనదో ఎవరు తేల్చాలో రాజ్యాంగంలో స్పష్టంగా లేదు. అప్పటికప్పుడు 15 మందితో ఒక సంఘాన్ని వేశారు. ఐదుగురు సెనేటర్లు, ఐదుగురు ప్రతినిధుల సభ సభ్యులు, ఐదుగురు సుప్రీంకోర్టు న్యాయమూర్తులు. వారిలో ఎనిమిదిమంది రిపబ్లికన్లు, ఏడుగురు డెమొక్రాట్లు. ప్రతి వివాదం మీదా 8-7. మొత్తం 20 ఓట్లూ హేస్‌కు వెళ్లాయి. 1877 మార్చి 2 తెల్లవారుజామున 185-184 అని ప్రకటించారు.

అయితే టిల్డెన్‌ను మోసపోయిన వ్యక్తిగా చూసి ఊరుకుంటే అసలు సంగతి జారిపోతుంది. ఆ దక్షిణాది రాష్ట్రాల్లో అంతకు పదేళ్ల ముందు బానిసత్వం నుంచి విముక్తులైన నల్లజాతివారు అప్పుడప్పుడే ఓటు వేస్తున్నారు. వారిని తుపాకులతో, కొరడాలతో బూత్‌ల దగ్గరకు రాకుండా అడ్డుకున్నారు. 1876 జులైలో దక్షిణ కరోలినాలోని హాంబర్గ్‌లో నల్లజాతి పౌరసైనికులను కాల్చి చంపారు. స్వేచ్ఛగా ఓటు వేయనిచ్చి ఉంటే ఆ రాష్ట్రాల్లో ఫలితం ఎలా వచ్చేదో ఊహించడం కష్టం కాదు. పెట్టెలోకి చేరిన ఓట్ల తేడా కొద్దిది, పెట్టె దాకా రానివ్వని ఓట్లు లెక్కలేనన్ని. స్వల్ప తేడా గురించి మాట్లాడేటప్పుడు చాలామంది ఈ రెండో లెక్కను మరిచిపోతారు.

ఆ తరువాత జరిగింది ఇంకా దారుణం. హేస్ అధ్యక్షుడు కావడానికి దక్షిణాది డెమొక్రాట్లు అడ్డు తొలగారు. 1877 ఏప్రిల్‌లో దక్షిణ కరోలినా, లూసియానా శాసనసభల వద్ద కాపలాగా ఉన్న కేంద్ర సైనికులను వెనక్కి పిలిచారు. నల్లజాతి ఓటర్లకు మిగిలిన చివరి అండ పోయింది. ఉత్తరాది వాళ్లు అప్పటికే అలసిపోయారు, సైన్యం ఎలాగూ తగ్గిపోతోంది అని చరిత్రకారులు చెబుతారు. నిజమే. అయినా ఆ బేరంలో ఎవరి హక్కులు తాకట్టుకు వెళ్లాయో వాళ్లకు ఆ గదిలో చోటు లేదు. లూసియానాలో 1896 నాటికి లక్షా 30 వేల మందికి పైగా నల్లజాతి ఓటర్లు నమోదై ఉండేవారు. ఆ రాష్ట్రానికి కొత్త రాజ్యాంగం వచ్చాక, 1904 నాటికి మిగిలినవారు 1,342 మంది. ఆ అంకెను చదివిన ప్రతిసారీ నేను కాసేపు ముందుకు కదలలేను. వారి ఓటు హక్కుకు గట్టి చట్టం రావడానికి 1965 ఆగస్టు దాకా ఆగాల్సి వచ్చింది. తాత, తండ్రి, కొడుకు, మనవడు, ఇన్ని తరాలు.

ఓటును అడ్డుకోవడం గురించి మాట్లాడుతున్నాం కాబట్టి 2005 నాటి శ్రీలంకను తలచుకోవాలి. నవంబర్ 17న మహింద రాజపక్స, రణిల్ విక్రమసింఘె పోటీపడ్డారు. 2002లో తమిళ పులులతో, అంటే వేర్పాటు కోసం పోరాడుతున్న ఎల్‌టీటీఈతో, కాల్పుల విరమణ ఒప్పందం కుదుర్చుకున్నది రణిలే. మామూలుగా అయితే ఉత్తరాది తమిళుల ఓట్లు ఎక్కువగా ఆయనకే పడాలి. పులులు ఎన్నికల బహిష్కరణ విధించారు. జాఫ్నా జిల్లాలో ఏడు లక్షలకు పైగా ఓటర్లుంటే, ఓటు వేసినవారు 1.2 శాతం. రాజపక్సకు 50.29 శాతం, రణిల్‌కు 48.43 శాతం వచ్చాయి. తేడా దాదాపు 1,80,000 ఓట్లు. ఒక్క జాఫ్నా జిల్లాలో ఇళ్లలో ఉండిపోయినవారు అంతకు మూడు రెట్లు మించి ఉన్నారు. ఏడాది తిరగకముందే యుద్ధం మళ్లీ ముదిరింది. 2009 మేలో పులుల సంస్థ తుడిచిపెట్టుకుపోయింది. ఆ చివరి నెలల్లో వేల మంది సామాన్య తమిళులు నలిగిపోయారు. పులులు అలా ఎందుకు చేశారన్న దానిపై రకరకాల వాదనలు ఉన్నాయి, అవి వదిలేద్దాం. ఓటు వేయనివ్వకపోవడం వల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయింది ఎవరి ఓటు ఆగిందో ఆ జనమే.

ప్రజలు నేరుగా ఓటు వేయని చోట కూడా ఇలాంటిది జరుగుతుంది. 1969లో భారత రాష్ట్రపతి ఎన్నిక అందుకు ఉదాహరణ. జాకీర్ హుస్సేన్ మరణంతో పదవి ఖాళీ అయింది. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. స్వతంత్ర అభ్యర్థి వి.వి. గిరి. సంజీవరెడ్డి పేరును ప్రతిపాదించిన ఇందిరాగాంధీయే చివరకు సభ్యులను అంతరాత్మ ప్రబోధానుసారం ఓటు వేయమన్నారు. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ కావలసిన సంఖ్య రాలేదు. మూడో స్థానంలో ఉన్న సి.డి. దేశ్‌ముఖ్ ఓట్లలోని రెండో ప్రాధాన్యాలు కూడా లెక్కించాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 ఓట్ల విలువ దక్కింది. గెలవడానికి కావలసింది 4,18,169. అంటే గీత దాటింది రెండు వేల లోపు. రాష్ట్రపతికి అమెరికా అధ్యక్షుడికున్న అధికారాలు లేవు, నిజమే. కానీ ఆ ఎన్నికలో అసలు పరీక్ష పార్టీ ఎవరిదన్నది. నవంబర్‌లో కాంగ్రెస్ చీలిపోయింది. 1971 ఎన్నికలకు ఇందిర తనదైన పార్టీతో, తిరుగులేని నాయకురాలిగా వెళ్లారు. ఆ ఓట్ల విలువ కొంచెం అటు మొగ్గి ఉంటే ఆమె ప్రధానిగా నిలిచేవారా అన్నది అప్పట్లోనే అందరూ అడిగిన ప్రశ్న.

స్వల్ప తేడా ప్రతిసారీ గాయమే చేస్తుందని అనుకోవద్దు. 2016 మేలో ఆస్ట్రియా అధ్యక్ష ఎన్నికలో అలెగ్జాండర్ వాన్ డెర్ బెల్లెన్ 30,863 ఓట్ల తేడాతో గెలిచారు. పోస్టల్ ఓట్ల కవర్లను కొన్నిచోట్ల నిర్ణీత సమయానికి ముందే తెరిచారని, ఉండవలసిన వ్యక్తులు లేకుండానే లెక్కించారని తేలింది. అక్రమంగా ఓట్లు మార్చారనడానికి ఆధారం దొరకలేదు. అయినా రాజ్యాంగ న్యాయస్థానం జులై 1న ఆ ఎన్నికను రద్దు చేసింది. మళ్లీ నిర్వహించబోతే పోస్టల్ కవర్ల జిగురు ఊడిపోతోందని ఇంకోసారి వాయిదా వేశారు. డిసెంబర్ 4న మళ్లీ ఓటు వేశారు. ఈసారి ఆయనకు దాదాపు 54 శాతం వచ్చాయి. ఎవరూ నోరెత్తలేదు. నెలల కొద్దీ ఆలస్యం, ఖర్చు, విసుగు. కానీ కాటా సరిగా లేదనిపించినప్పుడు కాటాను బాగుచేసి మళ్లీ తూచారు. నాకు ఆ దేశం మీద గౌరవం పెరిగింది.

ఇక చివరి ఉదాహరణ. 1960లో జాన్ కెనెడీ, రిచర్డ్ నిక్సన్ పోటీపడ్డారు. దాదాపు 6 కోట్ల 88 లక్షల ఓట్లలో తేడా లక్షా 13 వేల లోపు, 0.17 శాతం. ఇల్లినాయ్, టెక్సాస్‌లలో అక్రమాలు జరిగాయని నిక్సన్ పక్షంలో చాలామంది నమ్మారు. కొన్ని రాష్ట్రాల్లో ఆయన పార్టీవారు రీకౌంటింగ్ కూడా కోరారు. హవాయి అప్పటికి ఏడాది కిందటే రాష్ట్రమైంది, అధ్యక్ష ఎన్నికల్లో పాల్గొనడం అదే మొదటిసారి. అక్కడ మొదటి లెక్కలో నిక్సన్ వంద పైచిలుకు ఓట్లతో ముందున్నారు. కోర్టు ఆదేశంతో మళ్లీ లెక్కిస్తున్నారు. డిసెంబర్ 19న ఎలక్టర్లు ఓటు వేయాల్సిన రోజు వచ్చేసరికి ఆ లెక్క పూర్తికాలేదు. అందువల్ల రెండు పార్టీల ఎలక్టర్లూ అదే రోజు ఓటు వేసి పత్రాలు పంపారు. నెలాఖరుకు కెనెడీ 115 ఓట్లతో గెలిచినట్టు తేలింది. హవాయి గవర్నర్ విలియం క్విన్ రిపబ్లికనే. అయినా జనవరి 4న కెనెడీ ఎలక్టర్లను ధ్రువీకరిస్తూ సంతకం చేశారు.

ఈ పత్రాలనే 2020 తరువాత కొందరు వెలికితీశారు. ఆ ఎన్నికలో జో బైడెన్‌కు దేశమంతటా 70 లక్షల ఓట్ల ఆధిక్యం ఉంది. కానీ అరిజోనా, జార్జియా, విస్కాన్సిన్ మూడింటిలోనూ కలిపి తేడా 42,918. ఆ మూడూ అటు మొగ్గితే 269-269. జార్జియాలో దాదాపు 50 లక్షల ఓట్లను చేత్తో కూడా లెక్కించారు, గెలిచినవారు మారలేదు. తేడా చిన్నదే, కాటా మాత్రం ఈసారి దాన్ని తూచగలిగింది. అయినా ఏడు రాష్ట్రాల్లో ఓడిన పక్షం ఎలక్టర్లు పోటీ పత్రాలు రాసి పంపారు. 1960లో హవాయిలో ఇలాగే జరిగింది కదా అన్నారు. హవాయిలో అప్పుడు కోర్టు ఆదేశించిన లెక్కింపు ఇంకా నడుస్తోంది, చివరికి గవర్నర్ సంతకం ఉంది. ఈ ఏడు రాష్ట్రాల్లో ఆ రెండూ లేవు. 2021 జనవరి 6న ఆ పత్రాల పేరుతో అమెరికా చట్టసభల భవనం క్యాపిటల్‌లో ఏం జరిగిందో మీరందరూ టీవీల్లో చూశారు.

దానికి సరిగ్గా 60 ఏళ్ల ముందు, 1961 జనవరి 6న, అదే భవనంలో ఉభయసభలు సమావేశమయ్యాయి. ఉపాధ్యక్షుడి హోదాలో ఓట్ల లెక్కింపుకు అధ్యక్షత వహించింది నిక్సన్. తన ఓటమిని తానే చదివి వినిపించాలి. తరువాతి కాలంలో ఆయన చేసిన తప్పులు, ఆయన వదిలి వెళ్లిన మచ్చ నాకు తెలుసు. ఆ రోజు గురించే చెబుతున్నాను. హవాయి నుంచి వచ్చిన పత్రాలన్నీ ఆయన ముందున్నాయి. వాటిలో తన పేరుతో ఉన్నవీ ఉన్నాయి. దీన్ని భవిష్యత్తుకు ఆనవాయితీగా మార్చే ఉద్దేశం తనకు లేదని చెప్పి, గవర్నర్ జనవరి 4న ధ్రువీకరించిన ఎలక్టర్లనే చట్టబద్ధమైనవారిగా పరిగణిద్దామని ఆయన సూచించారు. అభ్యంతరం ఉందా అని అడిగారు. సభలో ఎవరూ లేవలేదు. హవాయి మూడు ఓట్లూ కెనెడీ లెక్కలో కలిశాయి, లెక్కింపు తర్వాతి రాష్ట్రానికి వెళ్లింది.